లేవడం, ఎత్తడం, మోయడం: ఒంటి బలంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. రోజూ 40 నిమిషాలు నడుస్తాను. షుగరు, బీపీ లేవు. అయినా సోఫాలోంచి లేవాలంటే చేత్తో ఊతం తీసుకోవాల్సి వస్తోంది. ఇంత నడిచినా కాళ్లలో బలం ఎందుకు లేదు?

జవాబు: నడక గుండెకు మంచిది, మానకండి. కానీ చదునైన నేల మీద నడిచేటప్పుడు బరువు మోస్తున్న కాలి మోకాలు కొద్దిగానే వంగుతుంది, తొడ కండరానికి పెద్దగా పని పడదు. సోఫాలోంచి లేవాలంటే మోకాళ్లు, తుంట్లు బాగా వంగి ఉన్నచోటు నుంచి ఒంటి బరువు మొత్తాన్ని పైకి నెట్టాలి. ముప్పై దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం దాకా కండ తరుగుతుంది. బలం అంతకన్నా వేగంగా తగ్గుతుంది. పాతికేళ్లప్పుడు కుర్చీలోంచి లేవడానికి కాళ్ల బలంలో సగం కూడా అక్కర్లేదు. బలం తగ్గేకొద్దీ అదే పనికి ఉన్నదంతా ఖర్చవుతుంది. చెయ్యి దానంతటదే ఊతం వెతుక్కునేది అప్పుడే. వ్యాయామంతో మీరు తిరిగి సంపాదించుకోవాల్సింది ఆ మిగులు బలాన్నే.

చేతులు లేని గట్టి కుర్చీ, సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తుది, గోడకు ఆనించి వేసుకోండి. ముందు అంచుకు జరిగి కూర్చోండి. మడమలు మోకాళ్లకన్నా కాస్త వెనక్కి ఉండాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ముక్కు కాలివేళ్ల పైకి వచ్చేదాకా ముందుకు వంగి, ఊపిరి వదులుతూ లేవండి. మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోండి. ఇలా 8–10 సార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ చేయండి. మొత్తం మూడు సెట్లు, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. ఐదుసార్లు కూడా లేవలేకపోతే గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకోండి. 15 సార్లు తేలిగ్గా అయిపోతుంటే రెండు మూడు కిలోల బరువు ఛాతీకి హత్తుకుని చేయండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఏడాదంతా అదే కుర్చీ, అవే పదిసార్లు అయితే బలం ఉన్నచోటే ఉంటుంది.

పాదాలు ముందుకు చాపి ఉంచితే ఒంటి బరువు వాటి మీదికి రాదు, ఊగి లేవాల్సి వస్తుంది. మోకాళ్లు లోపలికి ముడుచుకుంటుంటే పిరుదుల పక్క కండరాలు చాలట్లేదేమో చూసుకోండి. మోకాలు పాదం రెండో వేలి వైపే ఉండాలి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు కుర్చీలో దబ్బున కూలబడటం. ఒంటిని ఆపుకుంటూ దిగే ఆ బలమే మెట్లు దిగేటప్పుడు కావాలి. దాన్ని వదిలేస్తే సగం వ్యాయామం వదిలేసినట్టే.

చేతుల ఊతం లేకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో ఇవాళే రాసిపెట్టుకోండి. 60–64 ఏళ్ల వాళ్లలో ఆడవారికి 12, మగవారికి 14 కన్నా తక్కువ వస్తే సగటు కన్నా తక్కువని లెక్క. మీ వయసుకు అంతకు పైనే రావాలి.

ప్రశ్న: నెల కిందట నీళ్ల బకెట్ ఎత్తబోతే నడుము పట్టేసింది. ఇప్పుడు తగ్గింది. ఇక బరువులు ఎత్తడం మానేయాలా?

జవాబు: మానేస్తే నడుము ఇంకా బలహీనపడుతుంది. ఎత్తే తీరు మార్చుకోండి. పది కిలోల బకెట్ ఒంటికి దగ్గరగా ఉన్నప్పటికన్నా చేతులు చాచి ఎత్తినప్పుడు నడుము మీద చాలా ఎక్కువ భారం పడుతుంది. అందుకే ముందు దాన్ని పాదాల మధ్యకు లాక్కోండి. మోకాళ్లు కాస్త వంచి, పిరుదులు వెనక్కి నెట్టి వంగండి. హ్యాండిల్ పట్టుకున్నాక చేతులు బిగుసుకునేదాకా మెల్లగా లాగి, అప్పుడు లేవండి. ఒక్క ఉదుటున ఎత్తొద్దు. పక్కకు తిరగాలంటే నడుము కాకుండా పాదాలు తిప్పండి.

దీనికి తోడు సంచి మోత సాధన చేయండి. నాలుగైదు కిలోల సంచి ఒక చేత్తో పట్టుకుని, ఒళ్లు ఒరగకుండా 20 మీటర్లు నడిచి, చెయ్యి మార్చుకోండి. చేతికి మూడేసి సార్లు. బరువు కుడిచేతిలో ఉంటే ఒంటిని నిటారుగా నిలిపే పని ఎడమ పక్క కండరాలది. గుప్పిట పట్టు కూడా పెరుగుతుంది, బిగుసుకున్న సీసా మూతలు తేలిగ్గా వస్తాయి. తేలికనిపించినప్పుడల్లా అరకిలో పెంచండి. నొప్పి కాలి కిందికి పాకినా, తిమ్మిరెక్కినా డాక్టరుకు చూపించండి. మూత్రం మీద అదుపు తప్పితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మూడు వారాలుగా డంబెల్స్ చేస్తున్నాను. చేతులు ఏమీ మారలేదు. శ్రమంతా వృథానా?

జవాబు: కాదు. తొలి వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాల పనితనం. ఎక్కువ కండర పోగుల్ని ఒకేసారి పనిలోకి దింపడం మెదడు నేర్చుకుంటుంది. కండ కంటికి ఆనడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా అద్దం కన్నా నోటుపుస్తకం నమ్మండి. అదే బరువు 8 సార్ల నుంచి 11కి చేరిందంటే పనవుతున్నట్టే. సెట్ ముగిసేసరికి ఇంకో పది చేయగలననిపిస్తే మాత్రం బరువు చాలట్లేదు. ఇంకో రెండు మూడు మాత్రమే అనిపించాలి.

ప్రశ్న: నాన్నగారికి 74. బీపీ మాత్రలు వేసుకుంటారు. ఈ వయసులో మొదలుపెట్టొచ్చా?

జవాబు: తప్పకుండా. 1990లో వెలువడిన ఒక అధ్యయనంలో, సగటున 90 ఏళ్లున్న వృద్ధులు 8 వారాలు బరువులతో సాధన చేస్తే తొడల బలం రెట్టింపును మించింది. పాల్గొన్నది పదిమందే, కానీ తర్వాతి అనుభవం కూడా ఆ దారిలోనే ఉంది. డాక్టరుతో ఒక మాట చెప్పి మొదలుపెట్టించండి. బీపీ 180/110 దాటి ఉంటే అది అదుపులోకి వచ్చేదాకా వద్దు. ఊపిరి బిగబడితే ఆ క్షణాన బీపీ ఎగబాకుతుంది కాబట్టి పైకి అంకెలు లెక్కపెడుతూ చేయమనండి. నోరు మాట్లాడుతుంటే ఊపిరి ఆగదు.

గోడకు చేతి దూరంలో నిలబడి పుషప్‌లు 8, కుర్చీ వీపు పట్టుకుని మడమలెత్తడం 10, దిండు వేసిన కుర్చీలోంచి లేవడం 5. మొదటి రెండు వారాలు ఒక్కో సెట్ చాలు. కొన్ని బీపీ మాత్రలతో చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి, లేచాక కాసేపు కుర్చీ పట్టుకునే నిలబడాలి. మర్నాడు కండరాలు నొప్పెట్టడం మామూలే. కీలులో పొడిచినట్టుంటే ఆ వ్యాయామం ఆపాలి. ఛాతీ బిగుసుకున్నట్టు అనిపిస్తే అన్నీ ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.