కీబోర్డు కేసు కొంటే మెడనొప్పి, చేతి తిమ్మిరి తగ్గుతాయా?

ప్రశ్న: నా వయసు 48 ఏళ్లు. కాకినాడలోని ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు అధ్యాపకురాలిని. రెండేళ్లుగా పాఠాలు, ప్రశ్నపత్రాలు, వ్యాసాలు అన్నీ 11 అంగుళాల ట్యాబ్‌లో, తెర మీది కీబోర్డుతోనే టైపు చేస్తున్నాను. కొన్ని నెలలుగా సాయంత్రమయ్యేసరికి మెడ పట్టేసి, నొప్పి భుజాల దాకా లాగుతోంది. తెల్లవారుజామున కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. చెయ్యి విదిలిస్తే కాస్త నయంగా ఉంటుంది. థైరాయిడ్ తక్కువగా ఉందని మాత్రలు వాడుతున్నాను. చత్వారానికి ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు ఉన్నాయి. ట్యాబ్‌కు తగిలించి, కావాలంటే విడదీసే కీబోర్డు కేసు కొనమని మా అబ్బాయి అంటున్నాడు. దానితో ఈ బాధలు తగ్గుతాయా? ఎలాంటిది కొనుక్కోవాలి? మా మామగారికి పేస్‌మేకర్ ఉంది. ఆయన కూడా సాయంత్రాలు ఇదే ట్యాబ్‌లో ప్రవచనాలు చూస్తారు. అయస్కాంతాలున్న కేసు వల్ల ఆయనకు ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు. మెడనొప్పి చాలావరకు మీరు ట్యాబ్ ముందు కూర్చునే తీరు వల్ల వస్తున్నది. చేతి తిమ్మిరి మాత్రం మణికట్టు దగ్గర మీడియన్ నరం మీద ఒత్తిడి పడడం వల్ల వచ్చే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌ను గుర్తుకు తెస్తున్నది. సరైన కీబోర్డు కేసు మొదటి సమస్యకు బాగా ఉపకరిస్తుంది. రెండోదానికి అది కొంతవరకే సాయపడుతుంది కాబట్టి, కేసు కొన్నాను కదా అని చేతికి చేయించుకోవలసిన పరీక్షలను వాయిదా వేయకండి.

తెర మీది అక్షరాలను తాకుతూ ఎక్కువసేపు టైపు చేయడం శరీరానికి ఎందుకు భారమవుతుందో ముందు చూద్దాం. మామూలు కీబోర్డు మీద వేళ్లను ఆనించి ఉంచవచ్చు, నొక్కితేనే అక్షరం పడుతుంది. గాజు తెర మీద వేలు తగిలితే చాలు అక్షరం పడిపోతుంది కాబట్టి, టైపు చేస్తున్నంతసేపూ వేళ్లను గాలిలో ఎత్తి పట్టుకోవలసి వస్తుంది. అందువల్ల ముంజేతి పైభాగంలోని కండరాలకు విశ్రాంతి దొరకదు, మణికట్టు కూడా వెనక్కి వంగి ఉంటుంది. పైగా వేలికి ఏ మీట తగులుతున్నదో తెలియదు గనుక కళ్లు కిందికే చూస్తూ ఉండాలి. పెద్దల తల బరువు సుమారు 5 కిలోలు. తల నిటారుగా ఉన్నంతసేపు ఆ బరువు వెన్నుపూసల మీద నిలుస్తుంది. ముందుకు వంచినకొద్దీ దాన్ని పట్టి ఉంచే పని మెడ వెనుక కండరాల మీద పడి, మెడ మీద మొత్తం భారం కొన్ని రెట్లు పెరుగుతుంది. మీకు నొప్పి ఉదయం లేకుండా సాయంత్రానికి రావడం ఈ కారణానికి సరిపోతున్నది.

కాబట్టి మీ అబ్బాయి ఇచ్చిన సలహా మంచిదే. అయితే దుకాణాల్లో విడదీయగల కీబోర్డు అని అమ్మేవాటిలో రెండు రకాలున్నాయి. మీ ఆరోగ్యానికి సంబంధించినంతవరకు అసలు తేడా అక్కడే ఉన్నది. ఒక రకం కేసులో కీబోర్డుకు విడిగా బ్యాటరీ ఉండదు. ట్యాబ్ అంచునో వెనుకవైపునో ఉండే చిన్న లోహపు చుక్కల ద్వారా కరెంటు అందుతుంది, అక్షరాలు కూడా ఆ దారినే తెరకు చేరతాయి. దాన్ని విడదీసిన మరుక్షణం పని ఆగిపోతుంది. రెండో రకం కేసులో కీబోర్డుకు సొంత బ్యాటరీ ఉండి, విడదీసిన తర్వాత కూడా అది బ్లూటూత్ ద్వారా పనిచేస్తూనే ఉంటుంది. ఉదాహరణకు ఆపిల్ సంస్థ ఐప్యాడ్‌కు కేసుగా అమ్మే మ్యాజిక్ కీబోర్డు ట్యాబ్‌కు అంటుకుని ఉన్నప్పుడే పనిచేస్తుంది. మైక్రోసాఫ్ట్ 2024లో సర్ఫేస్ ప్రో కోసం తెచ్చిన ఫ్లెక్స్ కీబోర్డు విడదీశాక కూడా పనిచేస్తుంది. ఫలానాది కొనమని చెప్పడానికి కాదు, రెండు రకాల మధ్య తేడా తెలియడానికే ఈ పేర్లు చెబుతున్నాను.

ఈ తేడాను నేను ఇంతగా ఎందుకు పట్టించుకుంటున్నానంటే, 11 అంగుళాల ట్యాబ్‌ను అడ్డంగా నిలబెడితే దాని పై అంచు బల్ల మీద నుంచి జానెడు ఎత్తు కూడా ఉండదు. కీబోర్డు దానికి అతుక్కునే ఉండాలంటే తెర ఎప్పటికీ ఆ ఎత్తులోనే ఉంటుంది, మీ తల వంగే ఉంటుంది. కేసు ఎంత ఖరీదైనదైనా వేళ్లకు సుఖమే తప్ప మెడకు పెద్దగా మేలు జరగదు. విడిగా పనిచేసే కీబోర్డయితే ట్యాబ్‌ను నాలుగైదు లావుపాటి పుస్తకాల మీదనో, స్టాండు మీదనో ఎత్తుగా పెట్టి, కీబోర్డును మాత్రం మోచేతుల ఎత్తులో ఉంచుకోవచ్చు. మెడకు కావలసింది ఈ ఏర్పాటే. ఇంట్లో కూర్చుని మాత్రమే టైపు చేసేవారైతే కేసు జోలికి పోకుండా మామూలు బ్లూటూత్ కీబోర్డు, గట్టి స్టాండు కొనుక్కోమని చెబుతాను. ఖరీదూ తగ్గుతుంది, ఫలితం అంతకంటే బాగుంటుంది. మీరు ట్యాబ్‌ను కళాశాలకు తీసుకెళ్లవలసి ఉంటుంది కాబట్టి రెండో రకం కేసు మీకు అనుకూలంగా ఉంటుంది.

తెర ఎత్తు విషయంలో మీ కళ్లద్దాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. తెర పై అంచు కంటి ఎత్తుకు రావాలని సాధారణంగా చెబుతారు. ప్రోగ్రెసివ్ అద్దాల్లో దగ్గరి చూపుకు పనికివచ్చే భాగం కింద ఉంటుంది గనుక, తెర అంత ఎత్తులో ఉంటే మీరు గడ్డం పైకెత్తి చూడవలసి వచ్చి మెడనొప్పి ఇంకో రూపంలో తయారవుతుంది. మీరు తెరను కంటి మట్టానికి నాలుగైదు అంగుళాలు కిందుగా, కొద్దిగా వెనక్కి వాల్చి, చెయ్యి చాపితే వేళ్లు అందేంత దూరంలో పెట్టుకోండి. అక్షరాల సైజు పెంచండి. చిన్న అక్షరాలను చదవడం కోసం మనకు తెలియకుండానే ముఖం ముందుకు సాగిపోతుంది. భోజనాల బల్ల మీద పనిచేసేటట్లయితే ఆ బల్ల చాలామంది స్త్రీలకు ఎత్తు ఎక్కువ. కుర్చీలో దిండు వేసుకుని, కాళ్ల కింద పీట పెట్టుకుంటే భుజాలు పైకి లేవకుండా చేతులు కీబోర్డుకు అందుతాయి.

ఇక మీటల సంగతి. పెద్ద కీబోర్డుల్లో ఒక మీట మధ్య నుంచి పక్క మీట మధ్యకు దూరం సుమారు 19 మిల్లీమీటర్లు ఉంటుంది. 11 అంగుళాల ట్యాబ్‌ల కేసుల్లో ఇది కాస్త తగ్గినా ఫరవాలేదు గానీ, 17 మిల్లీమీటర్లకంటే తక్కువైతే వేళ్లు ఇరుకున పడి మణికట్లు పక్కలకు వంగుతాయి. 8, 9 అంగుళాల ట్యాబ్‌ల కోసం చేసే బుల్లి కీబోర్డులు రోజూ టైపు చేసేవారికి పనికిరావని చెప్పడానికి నాకు సందేహం లేదు. తెలుగులో టైపు చేసేవారు ఇంకొక సంగతి చూసుకోవాలి. మీరు భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతి వాడుతున్నట్లయితే ఒత్తక్షరం పడవలసిన ప్రతిచోటా ఎడమచేతి మధ్యవేలితో డి మీట మీదున్న పొల్లును నొక్కాలి. ఖ, ఘ, థ, భ వంటి ఒత్తు పలికే అక్షరాలకు, పదాల మొదట వచ్చే అచ్చులకు షిఫ్ట్ కావాలి. అంటే ఇంగ్లిష్ టైపు చేసేవారికంటే మీ చిటికెన వేలికి పని ఎక్కువ. స్థలం కలిసివస్తుందని కొన్ని కేసుల్లో కుడివైపు షిఫ్ట్‌ను మామూలు అక్షరం మీటంత చిన్నది చేసేస్తారు. అటువంటిది తీసుకోకండి. షిఫ్ట్‌ను నొక్కి పట్టుకోనవసరం లేకుండా ఒకసారి తాకితే చాలునన్న స్టిక్కీ కీస్ సదుపాయం మీ ట్యాబ్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో ఉంటే దాన్ని వాడుకోండి. తెర మీద తెలుగు కీబోర్డు చక్కగా వచ్చే ట్యాబ్‌లలో కూడా బయటి కీబోర్డుతో మీకు అలవాటైన తెలుగు లేఅవుట్ రాకపోవచ్చు. అందుచేత డబ్బు పెట్టే ముందు ఎవరి దగ్గరైనా బ్లూటూత్ కీబోర్డు అడిగి తెచ్చుకుని, దాన్ని మీ ట్యాబ్‌కు కలిపి, ఒక పేరా తెలుగులో కొట్టి చూడండి.

కీబోర్డు పలచగా, బల్ల మీద చదునుగా ఉండాలి. వెనుకవైపు ఎత్తు చేసే కాళ్లు ఉంటే వాటిని ముడిచే ఉంచండి. అవి మణికట్టును వెనక్కి వంచుతాయి, మణికట్టు అలా వంగినప్పుడు మీడియన్ నరం వెళ్లే ఇరుకు దారిలో ఒత్తిడి పెరుగుతుంది. టచ్‌ప్యాడ్ ఉన్న కేసు మేలు. అది లేకపోతే ప్రతి దిద్దుబాటుకూ చెయ్యెత్తి తెరను తాకాలి, కొన్నాళ్లకు భుజం నొప్పి మొదలవుతుంది. బరువు కూడా కనుక్కోండి. ట్యాబ్, కేసు కలిపి కిలో దాటితే దాన్ని ఒక చేత్తో పట్టుకుని తరగతిలో పాఠం చెప్పడం మీ మణికట్టుకు మంచిది కాదు, అప్పుడు కీబోర్డును తీసేసి ట్యాబ్‌ను మాత్రమే పట్టుకోండి. రంగులు, మీటల వెనుక దీపాలు మీ ఇష్టం.

మామగారి విషయంలో మీరు అడిగి మంచి పని చేశారు. ఈ కేసులన్నీ దాదాపు అయస్కాంతాలతోనే అతుక్కుంటాయి, చాలా ట్యాబ్‌ల లోపల కూడా అయస్కాంతాలుంటాయి. బలమైన అయస్కాంతం బాగా దగ్గరగా వస్తే పేస్‌మేకర్ గుండె స్పందనను గమనించడం మానేసి ఒకే వేగంతో కొట్టే పద్ధతిలోకి మారవచ్చు. గుండెకు షాక్ ఇచ్చే ఐసీడీ పరికరమైతే అవసరమైన సమయంలో షాక్ ఇవ్వకుండా ఆగిపోయే ప్రమాదం ఉంది. అయస్కాంతాన్ని దూరంగా జరిపితే ఇవి సాధారణంగా తిరిగి మామూలు స్థితికి వస్తాయి. ఇటువంటి వస్తువులను అమర్చిన పరికరానికి కనీసం 6 అంగుళాలు, అంటే 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సూచించింది. కాబట్టి ఆయన ట్యాబ్‌ను బల్ల మీద పెట్టుకుని నిశ్చింతగా చూడవచ్చు. మంచం మీద పడుకుని గుండెల మీద ఆనించుకోవడం, మూసిన కేసును ఛాతీకి హత్తుకుని నడవడం మాత్రం వద్దు.

ఇప్పుడు మీ చెయ్యి. బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్లు రాత్రిపూట తిమ్మిరెక్కడం, విదిలిస్తే తగ్గడం కార్పల్ టన్నెల్‌లో తరచుగా కనిపించే లక్షణాలు. ఈ జబ్బు టైపింగ్ వల్లే వస్తుందని గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవు. హైపోథైరాయిడ్, మధుమేహం ఉన్నవారిలో మాత్రం ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మీరు మాత్రలు వాడుతున్నా, థైరాయిడ్ పనితీరును తెలిపే టీఎస్‌హెచ్ అదుపులో ఉన్నదో లేదో ఒకసారి చూపించుకోండి, రక్తంలో చక్కెర పరీక్ష కూడా చేయించుకోండి. రాత్రి నిద్రలో మణికట్టు ముడుచుకుపోకుండా తిన్నగా పట్టి ఉంచే స్ప్లింట్ కట్టుకుని ఆరు వారాలు చూడండి. పగలు ప్రతి అరగంటకూ లేచి రెండు నిమిషాలు నడవండి. గడ్డాన్ని కిందికి దించకుండా తలను తిన్నగా వెనక్కి లాగి 5 సెకన్లు ఆపే వ్యాయామం ఉదయం, సాయంత్రం పదేసి సార్లు చేయండి. పాఠాల మొదటి ప్రతిని తెలుగులో నోటితో చెప్పి ట్యాబ్ చేతనే రాయించి, తప్పులు మాత్రం కీబోర్డుతో దిద్దుకుంటే చేతి పని చాలావరకు తగ్గుతుంది. నొప్పి మాత్రలను సొంతంగా రోజుల తరబడి వాడకండి.

ఆరు వారాల తర్వాత కూడా తిమ్మిరి తగ్గకపోతే న్యూరాలజిస్టునో ఆర్థోపెడిక్ వైద్యుణ్నో కలిసి, నరంలో సంకేతాలు ఎంత వేగంగా సాగుతున్నాయో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష చేయించుకోండి. చేతిలోంచి గ్లాసు, సుద్దముక్క జారిపోతున్నా, బొత్తాలు పెట్టుకోవడం కష్టమవుతున్నా, బొటనవేలి మొదట్లో ఉండే కండ పలచబడినట్లు కనిపించినా ఆరు వారాలు ఆగవద్దు, వెంటనే చూపించుకోండి. మెడ నుంచి చేతిలోకి కరెంటు కొట్టినట్లు నొప్పి పాకడం, రెండు చేతులూ మొద్దుబారడం, నడకలో తూలడం, మూత్రం మీద అదుపు తప్పడం వంటివి కనిపిస్తే అది మెడలోని నరాల మీదనో వెన్నుపాము మీదనో ఒత్తిడి కావచ్చు. వాటిలో ఏది వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.