శుక్రవారం మ్యాప్ మార్చి మంగళవారం పాస్ చేశారు, కేసు వెయ్యొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ నమస్తే. మేము కాలిఫోర్నియాలో సాక్రమెంటో దగ్గర ఒక ఊళ్ళో 16 ఏళ్ళుగా ఉంటున్నాం. నేను 2019లో సిటిజన్ అయ్యా. మా ఊరి పార్క్ డిస్ట్రిక్ట్ (పార్కులు చూసుకునే స్థానిక సంస్థ) బోర్డుకి 2022లో నిలబడ్డా, 5 సీట్ల బోర్డు, అన్ని సీట్లకీ ఊరంతా ఓటెయ్యాలి, ఓడిపోయా, కానీ మా కాలనీలో దాదాపు అందరూ నాకే వేశారు. పిల్లలకి ఒక క్రికెట్ పిచ్ కోసం ఆరేళ్ళుగా ఆ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నా. కొన్ని నెలల క్రితం ఎవరో లాయర్ నోటీసు పంపితే బోర్డు వాళ్ళు డివిజన్ల వారీ ఎన్నికలకి ఒప్పుకున్నారు. మొదటి డ్రాఫ్ట్‌లో మా డివిజన్ 4కి 2026 నవంబర్‌లోనే ఎన్నిక అని ఉంది, మేమంతా చాలా సంతోషపడ్డాం. తీరా పోయిన వారం శుక్రవారం సాయంత్రం వెబ్‌సైట్లో కొత్త మ్యాప్ పెట్టి మంగళవారం 3-2తో పాస్ చేసేశారు. అందులో మా వెనక వీధి డివిజన్ 3కి పోయింది, మా ఎన్నిక 2028కి పోయింది. ఇది నా మీద కక్షతో చేసిందే. మా ఆవిడ రెండ్రోజులు సరిగ్గా అన్నం కూడా తినలేదు. వివక్ష కేసు వెయ్యొచ్చా? మా బావమరిది ఇల్లు డివిజన్ 3లో ఉంది, అక్కడ 2026లోనే ఎన్నిక, ఓటు అక్కడికి మార్చుకుని నిలబడమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీరు రాసింది మూడు పేజీలు, పైన కుదించి ఇచ్చాను. అందులో మీ కేసుని తేల్చేది ఒకే ఒక్క వాక్యం, అది కూడా మీరు ఏదో మాటల్లో మాటగా రాసి వదిలేశారు. శుక్రవారం సాయంత్రం కొత్త మ్యాప్ పెట్టారు, మంగళవారం పాస్ చేశారు. అంటే నాలుగు రోజులు. చట్టం ఏడు రోజులు ఉండాలంటోంది. మీ మీద కక్ష ఉందా లేదా, 2022లో ఎవరు ఎవరికి వేశారు, ఇవేవీ నేను ఇప్పుడు పట్టించుకోను, మీరూ పట్టించుకోకండి.

ఆ చట్టం కాలిఫోర్నియా ఎలక్షన్స్ కోడ్ సెక్షన్ 10010. ఊరంతా ఓటేసే పద్ధతి నుంచి డివిజన్ల పద్ధతికి మారే సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, పార్క్ డిస్ట్రిక్ట్, వాటర్ డిస్ట్రిక్ట్, ఏదైనా సరే కొన్ని మెట్లు ఎక్కాల్సిందే. మ్యాపులు గియ్యకముందు కనీసం రెండు పబ్లిక్ హియరింగ్‌లు, గీసిన తర్వాత కనీసం రెండు. డ్రాఫ్ట్ మ్యాప్‌తో పాటు ఏ డివిజన్‌కి ఏ సంవత్సరం ఎన్నిక అనే వరస కూడా పబ్లిష్ చెయ్యాలి. మొదటి డ్రాఫ్ట్ హియరింగ్‌కి ఏడు రోజుల ముందు జనానికి అందుబాటులో ఉండాలి. హియరింగ్‌లో గానీ ఆ తర్వాత గానీ మ్యాప్ మారిస్తే, మార్చిన మ్యాప్ కూడా పాస్ చెయ్యడానికి ముందు మళ్ళీ ఏడు రోజులు ఉండాలి. ఈ రెండో ఏడు రోజుల దగ్గరే మీ బోర్డు తప్పటడుగు వేసినట్టు కనిపిస్తోంది.

కనిపిస్తోంది అని ఎందుకంటున్నానంటే మీరు నాకు ఒక్క కాగితం కూడా పంపలేదు. పాస్ అయిన మ్యాప్ నిజంగా శుక్రవారమే పుట్టిందా, లేక ఒక నెల ముందే పెట్టిన మూడు నాలుగు డ్రాఫ్టుల్లో అదీ ఒకటా? చాలా చోట్ల మ్యాపులు గీసే కన్సల్టెంట్ ఎ, బి, సి, డి అని నాలుగు మ్యాపులు ముందే పెడతాడు, బోర్డు చివర్లో అందులో ఒకటి తీసుకుంటుంది, మీరు బి ఒక్కటే చూసి అదే ఖాయమనుకుని ఉంటే మీ పాయింట్ అక్కడికక్కడే పడిపోతుంది. గీతలు అవే ఉండి ఎన్నికల వరస ఒక్కటే మారినా కేసు బాగా బలహీనపడుతుంది. మీ వెనక వీధి డివిజన్ 3కి పోయిందన్నారు కదా, ఆ వీధి పాత డ్రాఫ్టులన్నిట్లో ఎక్కడుందో చూడండి. అన్నిట్లోనూ 4లో ఉండి శుక్రవారం మ్యాప్‌లో మాత్రమే 3కి పోయిందంటే అప్పుడు మీ చేతిలో కేసుంది. ఆ ఒక్క వీధే మీ సాక్ష్యం.

ఇక్కడే మిమ్మల్ని కోప్పడాలి. శుక్రవారం రాత్రి ఆ మ్యాప్ చూసి మీరు మీ కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు, రెండొందల మెసేజ్‌లు నడిచాయి, మంగళవారం లోపు బోర్డు క్లర్క్‌కి ఒక్క ఈమెయిల్ ఎవరూ పెట్టలేదు. మీటింగ్‌కి వెళ్ళి ఒక్కరు లేచి రెండు నిమిషాలు మాట్లాడలేదు. ఈ మ్యాప్ ఏడు రోజులు లేదండీ, వాయిదా వెయ్యండి అని ఒక్క మాట మినిట్స్‌లో ఎక్కి ఉంటే ఈ రోజు నా పని సగం అయిపోయేది. గ్రూపులో మెసేజ్‌లు రికార్డు కాదు. ఆరేళ్ళు క్రికెట్ పిచ్ కోసం తిరిగానన్నారు, ఆ తిరగడంలో ఒక్క అర్జీ అయినా రాతపూర్వకంగా ఇచ్చారో లేదో నాకు అనుమానమే.

జరిగిందేదో జరిగింది, ముందు సాక్ష్యం కాపాడుకోండి. ఈ రోజే ఆ వెబ్ పేజీ తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీయండి, మ్యాప్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి దాని ప్రాపర్టీస్‌లో తయారైన తేదీ చూసి ఆ కాపీని ముట్టుకోకుండా పక్కన పెట్టండి. గ్రూపులో శుక్రవారం పెట్టిన ఆ మొదటి మెసేజ్ టైంతో సహా ఎక్స్‌పోర్ట్ చెయ్యండి, అది బోర్డు ముందు అర్జీ కాకపోయినా ఆ మ్యాప్ ఎప్పుడు కంటపడిందో చెప్పడానికి పనికొస్తుంది. పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్ కింద క్లర్క్‌కి రిక్వెస్ట్ పెట్టి ప్రతి డ్రాఫ్ట్ ఏ తేదీన పబ్లిష్ చేశారు, కన్సల్టెంట్‌తో నడిచిన ఈమెయిల్స్, హియరింగ్ నోటీసులు, మీటింగ్ వీడియో అన్నీ అడగండి. రికార్డులు ఇస్తారో లేదో వాళ్ళు 10 రోజుల్లో తేల్చి చెప్పాలి. ఇది మన ఆర్టీఐ లాంటిదే, 30 రోజుల బదులు 10 అనుకోండి, అవసరమైతే ఇంకో 14 రోజులు పొడిగించుకుంటారు.

బోర్డు లాయర్ మీకు ఏం జవాబిస్తాడో కూడా ఇప్పుడే చెప్తా. అజెండా 72 గంటల ముందు పెట్టాం, బ్రౌన్ యాక్ట్ (ఇలాంటి బోర్డుల మీటింగ్‌లు జనానికి ముందే చెప్పి బహిరంగంగా జరపాలనే చట్టం) పాటించాం అంటాడు. నిజమే, శుక్రవారం సాయంత్రం నుంచి మంగళవారం సాయంత్రానికి 72 గంటలు దాటాయి. కానీ అది మీటింగ్ అజెండా రూలు, ఇది మ్యాప్ రూలు, ఒకటి పాటిస్తే రెండోది పాటించినట్టు కాదు. ఆ తేడా లెటర్‌లో మీరే ముందు రాసెయ్యండి.

వివక్ష కేసు సంగతి. వద్దు. కాలిఫోర్నియా ఓటింగ్ రైట్స్ యాక్ట్ 2002లో వచ్చింది, ఊరంతా ఓటేసే పద్ధతి వల్ల ఒక మైనారిటీ వర్గం తనకి కావాల్సినవాళ్ళని గెలిపించుకోలేకపోతుంటే ఆ పద్ధతిని మార్పించడానికి. మన ఊళ్ళ లెక్కలో చెప్పాలంటే పంచాయతీలో వార్డు మెంబర్లందరినీ ఊరంతా కలిసి ఎన్నుకుంటే చిన్న పేటల వాళ్ళకి ఎప్పటికీ ఒక్క సీటు కూడా రాదు కదా, వార్డుల వారీగా పెడితే వస్తుంది, అంతే. శాంటా క్లారా సిటీలో జరిగింది ఇదే, అక్కడ జనాభాలో ఆసియన్లు అంతమంది ఉండి కూడా కౌన్సిల్‌కి ఒక్కరూ గెలవలేకపోతే 2018లో కోర్టు సిటీని 6 డిస్ట్రిక్టులు చెయ్యమంది, 2020 చివర్లో అప్పీల్ కోర్టు కూడా సరేనంది. ఓడిపోతే అవతలి లాయర్ ఫీజు కూడా ఏజెన్సీ నెత్తినే పడుతుంది, మొడెస్టో సిటీ అయితే రాజీ పడి కూడా 30 లక్షల డాలర్లు కట్టుకుంది. నోటీసు రాగానే మీ బోర్డు ఒప్పేసుకోవడానికి కారణం ఇదే. ఆ చట్టం అడిగింది మీ బోర్డు ఇప్పటికే ఇస్తోంది, ఇంక ఆ చట్టం కింద ఏమని దావా వేస్తారు? పైగా ఆ హక్కు ఓటరుది, అభ్యర్థిది కాదు. మీరు నిలబడటానికి వీలైన సంవత్సరంలో ఎన్నిక పెట్టాలని ఏ చట్టంలోనూ లేదు.

కానీ మీ డివిజన్ ఓటర్ల తరఫున అడగదగ్గది ఒకటుంది, అదీ 10010లోనే ఉంది. ఏ డివిజన్‌కి ముందు ఎన్నిక అన్నది నిర్ణయించేటప్పుడు ఈ ఓటింగ్ రైట్స్ యాక్ట్ ఉద్దేశాన్ని ప్రత్యేకంగా దృష్టిలో పెట్టుకోవాలి, ఆ డివిజన్ల జనం చెప్పిన ఇష్టాయిష్టాలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. చెప్పిన, అన్న మాట గమనించండి, మీరు చెప్పలేదు కాబట్టి లెక్కలోకి తీసుకోవడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేదు. 2026లో ఎన్ని సీట్లకి ఎన్నిక అన్నది ఎంతమంది పాత మెంబర్ల పదవీకాలం అప్పుడు ముగుస్తుందో దాన్నిబట్టి ఉంటుంది, అది మారదు. కానీ ఆ సీట్లు ఏ డివిజన్లకి అన్నది బోర్డు చేతిలో ఉంది. ఆసియన్ సిటిజన్ ఓటర్లు ఎక్కువగా ఉన్నది డివిజన్ 4లోనే అయితే, ఏ ఓటర్ల కోసం ఈ మార్పు తెచ్చారో వాళ్ళనే ఇంకో రెండేళ్ళు ఆగమనడం ఏం న్యాయం అని అడగొచ్చు. దీనికి వాళ్ళ జవాబు కూడా ఊహించుకోండి, 2028 ప్రెసిడెంట్ ఎన్నిక, జనం ఎక్కువ వచ్చి ఓటేస్తారు, అదే మీకు మంచిది అంటారు. అందుకే కౌంటీ రిజిస్ట్రార్ దగ్గర 2022 ఫలితాలు ప్రిసింక్ట్ వారీగా, అంటే మన పోలింగ్ బూత్ వారీ లెక్కలాగా, తీసుకోండి. 2022 కూడా ప్రెసిడెంట్ ఎన్నిక లేని ఏడాదే కదా, మీ కాలనీ ప్రిసింక్టుల్లో అప్పుడు ఓటింగ్ బాగానే జరిగి ఉంటే వాళ్ళ మాట నిలవదు. మా కాలనీ అంతా నాకే వేసింది అన్న మీ మాట కూడా ఆ కాగితం మీద కనబడితేనే మాట. ఇంకోటి, లెక్క వేసేటప్పుడు సిటిజన్ ఓటర్లని చూడండి, మన కాలనీల్లో హెచ్1బీ వాళ్ళు, గ్రీన్ కార్డు వాళ్ళు జనాభా లెక్కలో ఉంటారు గానీ ఓటర్ల లెక్కలో ఉండరు, ఆ రెండు సంఖ్యలు కలిపేసి మాట్లాడితే కన్సల్టెంట్ ఒక్క నిమిషంలో మీ వాదన కొట్టేస్తాడు.

ఇప్పుడు బావమరిది ఇల్లు. ఇది మాత్రం ససేమిరా వద్దు. డివిజన్ ఎన్నికలో అభ్యర్థి ఆ డివిజన్‌లోనే నివాసం ఉండాలి, అక్కడ ఓటరై ఉండాలి. నివాసం అంటే బావమరిది గ్యారేజీ పైన గదిలో రెండు సూట్‌కేసులు పెట్టి ఉత్తరాలు అక్కడికి తెప్పించుకోవడం కాదు. మీ భార్యాపిల్లలు ఒక ఇంట్లో ఉండి మీరు ఇంకో ఇంటి అడ్రస్ మీద ఓటర్ ఫారం మీదా నామినేషన్ కాగితం మీదా సంతకం చేస్తే ఆ సంతకం ప్రమాణం చేసి ఆడిన అబద్ధం. ఈ రాష్ట్రంలోనే సెనేటర్ రోడరిక్ రైట్‌ని 2014లో సరిగ్గా దీని మీదే జ్యూరీ 8 నేరాల్లో దోషి అంది, ఇంగిల్‌వుడ్‌లో ఉన్నానని రాసి వేరే చోట ఉన్నందుకు. పదవికి రాజీనామా చేశారు, 90 రోజుల జైలు శిక్ష పడింది. 2018లో గవర్నర్ క్షమాభిక్ష పెట్టారు గానీ పోయిన పదవి తిరిగి రాలేదు. పార్క్ బోర్డు సీటు కోసం మీరు ఇంత రిస్క్ తీసుకుంటారా? మీరు ఇల్లు అమ్మేసి కుటుంబంతో నిజంగా డివిజన్ 3కి మారిపోతే అది వేరే సంగతి, అది మీ ఇష్టం.

అలాగే మీ గ్రూపులో ఎవరో గ్రీన్ కార్డు పేరెంట్స్‌ని కూడా ఓటర్లుగా చేర్పిద్దాం అన్నారని రాశారు. ఆ మెసేజ్ పెట్టినాయనకి ఫోన్ చేసి గట్టిగా ఆపండి. సిటిజన్ కాకుండా సిటిజన్‌ని అని సంతకం పెడితే దేశం నుంచి పంపించేస్తారు, తెలియక చేశామంటే ఒక్కోసారి వినరు కూడా. ఆ పెద్దవాళ్ళు హియరింగ్‌కి వచ్చి మాట్లాడొచ్చు, దానికి సిటిజన్ అవ్వక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడి మీ పిల్లలు ఇంగ్లీషులో చెప్పినా సరే. పొద్దున్నే ఆ పార్కులో నడిచేది వాళ్ళే కదా.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఈ వారంలోనే మీరు, డివిజన్ 4లో ఓటర్లైన ఇంకో నలుగురైదుగురు కలిసి బోర్డుకి, బోర్డు లాయర్‌కి, క్లర్క్‌కి సర్టిఫైడ్ మెయిల్‌లో ఒక లెటర్ పంపండి, ఒక పేజీ దాటొద్దు. ఫలానా తేదీన మార్చిన మ్యాప్ పబ్లిష్ అయింది, ఫలానా తేదీన పాస్ అయింది, మధ్యలో ఏడు రోజులు లేవు, సెక్షన్ 10010 ప్రకారం ఆ తీర్మానం రద్దు చేసి మ్యాప్ మళ్ళీ ఏడు రోజులు పెట్టి హియరింగ్ జరపండి, అంతే. కక్ష అన్న మాట వద్దు, క్రికెట్ వద్దు, మీరు పోటీ చేస్తానన్న సంగతి అసలే వద్దు. 3-2తో పాసైన తీర్మానం ఇది, కోర్టు ఖర్చు ముందు పెట్టుకుని చూస్తే ఏ బోర్డైనా ఇంకో మీటింగ్ పెట్టడమే తేలికనుకుంటుంది. ఆ మీటింగ్‌లో మీ వీధి గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్ళందర్నీ ఒకే డివిజన్‌లో పెట్టండి అని అడగొద్దు, జాతి ఒక్కటే ఆధారంగా గీత గీస్తే ఫెడరల్ రాజ్యాంగం ఒప్పుకోదు. మా రెండు వీధుల పిల్లలు ఒకే స్కూలుకి వెళ్తారు, అదే పార్కుకి నడిచి వెళ్తారు, మధ్యలో రోడ్డు కూడా లేదు, ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న ఇళ్ళు, ఇలా చెప్పండి.

పది రోజుల్లో జవాబు రాకపోతే, లేదా కుదరదంటే, అక్కడ ఎన్నికల కేసులు చూసే లాయర్‌ని పెట్టుకుని సుపీరియర్ కోర్టులో రిట్ ఆఫ్ మాండేట్ వెయ్యాలి, అంటే చట్టం చెప్పినట్టు చెయ్యమని బోర్డుని ఆదేశించండి అని కోర్టుని అడిగే పిటిషన్. ఇందులో ఆలస్యమే మీకు మొదటి శత్రువు. 2026 నవంబర్ 3 ఎన్నికకి నామినేషన్లు జూలై 13న మొదలై ఆగస్టు 7తో ముగుస్తాయి, దానికి చాలా ముందే కౌంటీ వాళ్ళు కొత్త గీతల ప్రకారం ఓటర్లని సర్దుకోవాలి. ఆ పని మొదలయ్యాక వెళ్తే మీ పాయింట్ ఎంత బలమైనదైనా ఇన్నాళ్ళూ ఏం చేశారు అంటారు జడ్జి గారు, ఈ ఎన్నిక వరకు ముట్టుకోరు. రిట్ గెలిచినా బోర్డు ఏడు రోజులు ఆగి అదే మ్యాప్‌ని మళ్ళీ పాస్ చెయ్యొచ్చు, అది మాత్రం ముందే తెలుసుకుని దిగండి. ఆ ఏడు రోజుల్లో మీ డివిజన్ నుంచి ఎంతమంది వెళ్ళి మైకు ముందు నిలబడతారన్న దాని మీదే మూడో ఓటు అటా ఇటా అన్నది ఉంటుంది.

పాత డ్రాఫ్టులన్నీ, శుక్రవారం మ్యాప్, తీర్మానం కాపీ నాకు పంపండి. ఆ వీధి పేరు మీద పెన్నుతో గుర్తు పెట్టి పంపండి, మిగతాది అవి చూశాక చెప్తాను.