మేడ మీద సోలార్ ఉంటే కరెంట్ పోదా? మా ఇంట్లో జరిగింది చెప్తా

సొంతింటి మేడ మీద సోలార్ పెట్టించుకుంటే ఇక కరెంట్ కోతల బాధ ఉండదా అని అడిగారు. బ్యాటరీ లేకుండా పెట్టిస్తే ఉంటుందండీ, కచ్చితంగా ఉంటుంది. అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

మాది నంద్యాల. 3 కిలోవాట్లు పెట్టించాం, కేంద్రం వాళ్ల పీఎం సూర్యఘర్ పథకం కింద 78 వేల సబ్సిడీ అకౌంట్లో పడింది. బిగించిన కుర్రాళ్లు ఇక మీకు కరెంట్ గొడవే లేదు సార్ అన్నారు, ఆ మాట నమ్మి పాత ఇన్వర్టర్, బ్యాటరీ రెండూ అమ్మేశా. పోయిన మే నెలలో ఒక రాత్రి గాలివాన వచ్చి మా వీధి చివర వేపచెట్టు తీగల మీద పడింది. తెల్లారి ఎనిమిదికల్లా ఎండ మండిపోతోంది, పైన ఆరు ప్లేట్లు తళతళా మెరుస్తున్నాయి, కింద ఒక్క ఫ్యాను తిరగదు. మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. విసనకర్ర పట్టుకుని వాకిట్లో కూర్చుని "అంత డబ్బు పోస్తివి కదరా, నీ సూర్యుడు యాడికి పోయినాడు?" అనింది.

మధ్యాహ్నం లైన్‌మన్ వస్తే ఆ కోపమంతా ఆయన మీద చూపించా. ఆయన నిచ్చెన ఆనిస్తూనే "అన్నా, మీ మేడ మీద కరెంట్ ఈ తీగలోకి వస్తే పైనున్న నా గతేంది?" అన్నాడు. నా కోపం అక్కడికక్కడే దిగిపోయింది. లైన్లో కరెంట్ పోగానే సోలార్ ఇన్వర్టర్, అంటే ప్లేట్ల కరెంట్‌ని ఇంట్లో వాడే కరెంట్‌గా మార్చే పెట్టె, అది కూడా ఆగిపోయేలా చేసేది ఆ మనిషి ప్రాణం కోసమే, అది లోపం కాదు. కానీ ముందే ఒక్క ముక్క చెప్పుంటే నేను బ్యాటరీ అమ్మేవాణ్నా? నెట్ మీటర్, అంటే మనం లైన్ నుంచి వాడిందీ లైన్లోకి పంపిందీ రెండూ లెక్కపెట్టే మీటర్, దాని కోసం తిరిగిన తిరుగుడు ఇంకో కథ, రేపు రండి రేపు రండి అని రెండు నెలలు తిప్పారు, అన్నాళ్లూ ప్లేట్లు ఊరికే ఎండలో పడున్నాయి.

అయినా పెట్టించుకోమనే చెప్తా. మాకు దగ్గర్లోనే గని, శకునాల అనే ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, దాదాపు 6 వేల ఎకరాలు పట్టింది. అక్కడ పుట్టే కరెంట్ పెద్ద పెద్ద టవర్ల మీద ఎక్కడికో పోయి, దారిలో కొంత నష్టపోయి, మళ్లీ మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కి రావాలి. మా మేడ మీద మిగిలింది మాత్రం పక్కింటి ఫ్రిజ్‌కే పోతుంది, ఇందులో టవర్ లేదు, ఒక్క ఎకరా పొలం పోయింది లేదు. ఊళ్లో ఇన్ని ఖాళీ మేడలు పెట్టుకుని పొలాల మీద పడటం ఏంటో నాకిప్పటికీ అర్థం కాదు.

డబ్బు కట్టేముందు మాత్రం పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగుకి మేడెక్కి నీడ ఎక్కడ పడుతుందో చూడండి, డిసెంబర్లో అయితే ఇంకా మంచిది, అప్పుడు నీడలు పొడుగు. మా పక్కింటి వాటర్ ట్యాంక్ నీడ ఒక్క ప్లేటు మీద పడితే మిగతావాటినీ కొంత లాగేస్తోంది. మంచి ఎండలో రోజుకి 12 యూనిట్ల దాకా వస్తుంది, ముసురు పడితే సగం కూడా రాదు.

ఇన్వర్టర్, బ్యాటరీ మళ్లీ కొన్నా, కరెంట్ పోతే రెండు ఫ్యాన్లు, మూడు లైట్లకి సరిపోతుంది. మోటారు, గ్రైండరు, వాషింగ్ మెషీన్ ఇప్పుడు పొద్దున్నే వేయనివ్వదు మా అమ్మ, పదకొండు దాటి ఎండెక్కినాకే స్విచ్ వేయమంటుంది.