పాత పంపులు నేర్చుకోవాలా, నేరుగా కామన్ రైల్‌కు వెళ్లాలా?

ప్రశ్న: మా అబ్బాయి డీజిల్ మెకానిక్ కోర్సు పూర్తి చేశాడు. ఇంధన ఇంజెక్షన్ పనిలోనే స్థిరపడాలని అతని కోరిక. పాత పంపులకు కాలం చెల్లింది కదా, కంప్యూటర్ అదుపులో నడిచే కామన్ రైల్ సిస్టమ్ ఒక్కటీ నేర్చుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదని నా నమ్మకం. ఏ డీజిల్ ఇంజిన్‌లోనైనా ఇంధనాన్ని తగినంత పీడనంతో, కావలసినంత మోతాదులో, సరైన క్షణంలో సిలిండర్‌లోకి చిమ్మాలి. ఈ మూడు పనులనూ ఏ భాగం చేస్తోందన్న దగ్గరే ఒక సిస్టమ్‌కూ మరొక సిస్టమ్‌కూ తేడా వస్తుంది.

బాష్ సంస్థ 1927లో పెద్ద ఎత్తున తయారీ మొదలుపెట్టిన ఇన్‌లైన్ పంపులో ప్రతి సిలిండర్‌కూ ఒక ప్లంజర్ (ఇంధనాన్ని నెట్టే చిన్న కడ్డీ) ఉంటుంది. కామ్ దాన్ని పైకి నెట్టినప్పుడు పీడనం పుడుతుంది. ప్లంజర్ పక్కన ఏటవాలుగా చెక్కిన గాడి రంధ్రాన్ని చేరగానే పీడనం పడిపోయి ఇంజెక్షన్ ఆగుతుంది. రాక్ అనే పళ్ల కడ్డీ ప్లంజర్‌ను కాస్త తిప్పితే మోతాదు మారుతుంది. అంటే మూడు పనులూ ఒక్క పంపే చేస్తుంది. రోటరీ పంపు అదే పనిని తక్కువ భాగాలతో చేస్తూ సిలిండర్లకు వంతులవారీగా ఇంధనం పంచుతుంది. యూనిట్ ఇంజెక్టర్‌లో పంపూ, ఇంధనాన్ని చిమ్మే నాజిలూ ఒకే ఒంట్లో ఇమిడి ఉంటాయి.

కామన్ రైల్ ఈ పనులను విడదీసింది. అన్ని ఇంజెక్టర్లకూ ఉమ్మడిగా ఉండే రైల్ అనే గొట్టంలో పంపు పీడనాన్ని నిలబెడుతుంది; ఇంజెక్టర్ ఎప్పుడు, ఎంతసేపు తెరుచుకోవాలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, నిర్ణయిస్తుంది. 1997లో ఆల్ఫా రోమియో 156 కారులో వచ్చినప్పుడు 1,350 బార్ వరకు ఉన్న పీడనం ఇప్పుడు 2,000 బార్ దాటింది. ఇంజెక్టర్‌లోని సోలినాయిడ్ (విద్యుత్ అయస్కాంతం) నాజిల్‌ను మూసి ఉంచే సూదిని నేరుగా ఎత్తదు. అది ఒక చిన్న వాల్వును తెరిచి సూదిపై ఉన్న చిన్న గదిలోని ఇంధనాన్ని వెనక్కి వదిలితే, కింద ఉన్న పీడనమే సూదిని పైకి లేపుతుంది. ఆ వాల్వు అరిగితే ఇంధనం రిటర్న్ పైపులోకి ఎక్కువగా పోయి, రైల్‌లో పీడనం నిలవక, ఇంజిన్ స్టార్ట్ కాకపోవచ్చు. స్కానర్ తెరపై కనిపించేది 'రైల్ ప్రెషర్ తక్కువ' అన్న మాట మాత్రమే. ఇంధనం నడిచే దారి తెలియనివాడు వెంటనే పంపు మార్చేస్తాడు. తెలిసినవాడు ముందు ప్రతి ఇంజెక్టర్ రిటర్న్‌నూ కొలిచి చూస్తాడు. ఈ ఆలోచన ఇన్‌లైన్ పంపును చేత్తో విప్పి బిగించినప్పుడే బాగా అబ్బుతుంది. అందుకే మీ అబ్బాయిని మొదట కొన్ని నెలలు దానిమీదే కూర్చోనివ్వండి. ఆ తర్వాత సెన్సార్లు, వైరింగ్, మల్టీమీటర్ నేర్పించండి.

అయితే పాత పనిలోని ఒక అలవాటును మాత్రం అతను పూర్తిగా వదిలేయాలి. ఏ సిలిండర్ మిస్ అవుతోందో తెలుసుకోవడానికి ఇంజిన్ నడుస్తుండగా పైపు నట్టు వదులు చేసేవారు. కామన్ రైల్‌పై అలా చేస్తే ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూసుకుపోతుంది. గాయం సూది గుచ్చినంతే కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి, లేదంటే వేలో చెయ్యో పోయే ప్రమాదం ఉంది.

శిక్షణకు చేర్చే ముందు ఆ వర్క్‌షాపును మీరే స్వయంగా చూడండి. పంపు టెస్ట్ బెంచీ ఉందా, ఇంజెక్టర్లు విప్పే గదిని దుమ్ము లేకుండా ఉంచుతున్నారా, విప్పిన పైపుల మూతులకు వెంటనే క్యాపులు పెడుతున్నారా అని గమనించండి. అవి కనిపించని చోట ఫీజు ఎంత తక్కువైనా చేర్చవద్దు.