తొలి విన్‌యాంప్ స్కిన్ గీసే ముందు

చిరంజీవి సుధీర్‌కు పెదనాన్న ఆశీస్సులు.

డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లకు స్కిన్లు, అంటే వాటి పైరూపాన్ని మార్చే బొమ్మల కట్టలు, తయారుచేయడం నేర్చుకోవాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. నా మాట వింటే, కంప్యూటర్‌లో పాటలు వినిపించే విన్‌యాంప్ అనే ప్లేయర్‌కు క్లాసిక్ స్కిన్ చేయడంతో మొదలుపెట్టు. నల్‌సాఫ్ట్ సంస్థ 1997లో విడుదల చేసిన ఈ ప్లేయర్‌కు స్కిన్ చేయాలంటే ఒక్క వాక్యం కోడ్ కూడా రాయనక్కరలేదు. పదీ పదిహేను బిట్‌మ్యాప్ (బీఎంపీ) బొమ్మలూ, రెండు మూడు చిన్న టెక్స్ట్ ఫైళ్ళూ ఉంటే చాలు. పేరు చివర డబ్ల్యూఎస్‌జెడ్ (.wsz) అని ఉండే స్కిన్ ఫైలు నిజానికి జిప్ ఫైలే కనుక, నీకు నచ్చిన ఏ స్కిన్‌నైనా విప్పి, గీసినవారు ఏమి చేశారో పిక్సెల్ పిక్సెల్‌గా చూడవచ్చు. జోర్డాన్ ఎల్‌డ్రెడ్జ్ నిర్వహిస్తున్న విన్‌యాంప్ స్కిన్ మ్యూజియంలో 60,000కు పైగా స్కిన్లు ఉన్నాయి. గీయడం మొదలుపెట్టే ముందు కొన్నాళ్ళు వాటినే చూడు.

కొత్తవారు సాధారణంగా నేపథ్యంతో మొదలుపెడతారు. అభిమాన నటుడి ఫోటోను 275 పిక్సెళ్ళ వెడల్పుకూ 116 పిక్సెళ్ళ ఎత్తుకూ కుదించి, ప్రధాన కిటికీ నేపథ్యమైన మెయిన్ బీఎంపీ ఫైలులో పెడతారు. తీరా దాని మీద బటన్లూ అంకెలూ స్లైడర్లూ పరచుకున్నాక ముఖమూ సరిగా కనబడదు, బటన్లూ సరిగా కనబడవు. నీవు బటన్లతో మొదలుపెట్టు. సీబటన్స్ బీఎంపీ అనే ఫైలు 136 పిక్సెళ్ళ వెడల్పు, 36 పిక్సెళ్ళ ఎత్తు ఉంటుంది. పై వరుసలో మామూలుగా ఉన్నప్పటి బటన్లు, కింది వరుసలో నొక్కినప్పటి బటన్లు ఉంటాయి. వెలుగు ఎడమ పైమూల నుంచి పడుతున్నట్టు గీస్తే, మామూలు బటన్‌కు పై అంచూ ఎడమ అంచూ మెరవాలి, నొక్కిన బటన్‌కు అవే అంచులు చీకటిపడాలి, మధ్యనున్న గుర్తు ఒక్క పిక్సెల్ కిందికీ కుడికీ జరగాలి. ఆ ఒక్క పిక్సెల్ జరిగితేనే వేలి కింద బటన్ నిజంగా దిగినట్టు అనిపిస్తుంది. ఇక్కడ నీవు నిర్ణయించుకున్న వెలుగు దిశను కిటికీ పైన ఉండే టైటిల్‌బార్‌లోనూ, శబ్దపు హెచ్చుతగ్గులు సరిచేసే ఈక్వలైజర్‌లోనూ ప్లేలిస్టులోనూ తప్పకుండా పాటించు, ఎందుకంటే ప్రధాన కిటికీ, ఈక్వలైజర్, ప్లేలిస్టు మూడూ పక్కపక్కనే ఉంటాయి కనుక తేడా ఇట్టే కనిపెట్టేస్తారు.

ఓపిక ఎక్కువగా కావలసింది వాల్యూమ్ బీఎంపీకి. శబ్దం పెరిగే కొద్దీ మారే 28 చిత్రాలు అందులో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మొదటిదీ చివరిదీ మధ్యదీ ముందుగా గీసి, రంగు ఎలా మారుతుందో తేల్చుకున్న తరువాత మిగిలినవి పూరించు. విస్‌కలర్ అనే టెక్స్ట్ ఫైలులోని 24 వరుసలు పాటతో పాటు ఎగిరే గీతల రంగులు; వాటిని నీ స్కిన్ రంగులకు తగ్గట్టు మార్చడానికి పది నిమిషాలు పట్టదు, అయినా చాలామంది దాన్ని ముట్టుకోకుండానే వదిలేస్తారు.

అక్షరాల విషయంలో మాత్రం నా మాట జాగ్రత్తగా విను. ప్రధాన కిటికీలో పాట పేరు చూపే అక్షరాలుండే టెక్స్ట్ బీఎంపీలో ఒక్కో అక్షరానికి దొరికే చోటు 5 పిక్సెళ్ళ వెడల్పు, 6 పిక్సెళ్ళ ఎత్తు మాత్రమే. అంత చిన్నచోట నీడలూ మెరుపులూ పెడితే ఏమీ చదవలేము, కనుక ఒకే రంగు అక్షరం, దానికి బాగా తేడాగా ఉండే నేపథ్యం చాలు. ఆ బొమ్మలో తెలుగు అక్షరాలకు చోటు లేదు. ప్లేలిస్టు కిటికీ మాత్రం పీఎల్‌ఎడిట్ టెక్స్ట్ ఫైలులో నీవు పేర్కొన్న ఫాంటును వాడుతుంది. మనవాళ్ళు పాటల పేర్లు తెలుగులోనే పెట్టుకుంటారు కాబట్టి, ఒత్తులూ గుడులూ ఎక్కువగా ఉన్న పేర్లు నాలుగు వేసి, మామూలు వరుసలోనూ ఎంచుకున్న వరుసలోనూ స్పష్టంగా కనబడుతున్నాయో లేదో చూసుకో.

పని చేసే పద్ధతి చెబుతాను. ఏదైనా సాదా స్కిన్‌ను విప్పి, స్కిన్స్ ఫోల్డరులో కొత్త పేరుతో పెట్టుకో. జిప్ చేయకుండానే విన్‌యాంప్ దాన్ని తెరుస్తుంది. బొమ్మ మార్చి సేవ్ చేసి, ప్లేయర్‌లో ఎఫ్5 నొక్కితే మార్పు వెంటనే కనబడుతుంది. ఏ ముక్క ఎక్కడ పడుతుందో తెలియనప్పుడు దాన్ని ముదురు గులాబీ రంగుతో నింపి చూడు. మైక్రోసాఫ్ట్ పెయింట్ చాలు, కానీ అంచులను మెత్తబరిచే బ్రష్ వాడకు, పెన్సిల్‌తోనే గీయి. మధ్యలో ఒక్కసారి కూడా జేపెగ్‌గా సేవ్ చేయకు, గీతల చుట్టూ మరకలు పడతాయి.

ఇతరుల స్కిన్ నుంచి బటన్లు తీసుకోదలిస్తే వారి అనుమతి అడిగి, స్కిన్‌తో పాటు పెట్టే రీడ్‌మీ అనే వివరాల ఫైలులో వారి పేరు రాయి. పూర్తయ్యాక ఫైళ్ళను జిప్ చేసి పేరు చివర డబ్ల్యూఎస్‌జెడ్ అని మార్చి, బ్రౌజర్‌లో నడిచే విన్‌యాంప్ నమూనా అయిన వెబ్‌యాంప్‌లో కూడా ఒకసారి తెరిచి చూసి నాకు పంపు. బటన్ల వరుస ఒక్కటే పూర్తయినా పంపు, మిగతావి లేకపోయినా ఫరవాలేదు.

ఇట్లు,
నీ పెదనాన్న