.44 మాగ్నమ్ కొనాలా? ముందు తూటాల ఖర్చు లెక్కేయండి

ప్రశ్న: రెండేళ్లుగా క్లబ్బు తుపాకీలతో టార్గెట్ షూటింగ్ చేస్తున్నాను. ఇప్పుడు సొంతంగా ఒక పెద్ద క్యాలిబర్ (బుల్లెట్ వ్యాసం; .44 అంటే సుమారుగా అంగుళాల్లో) చేతి తుపాకీ కొనుక్కోవాలని ఉంది. మనసు .44 మాగ్నమ్ రివాల్వర్ మీద ఉంది. పక్కన పెట్టిన డబ్బు మాత్రం దాని ధరకు కొంచెం తక్కువ పడుతోంది. మిగతాది వాయిదాల్లో కట్టొచ్చా? లేక ఇంకా చవకైనది చూసుకోవాలా?

జవాబు: వాయిదాలు వద్దు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. తుపాకీ ధరకే డబ్బు చాలకపోతే దాని వెనకాల వచ్చే ఖర్చుకు అసలే చాలదు. మీరు తుపాకీ ధర గురించి రాశారు గానీ నెలకు ఎన్ని తూటాలు కాలుస్తారో రాయలేదు. నా లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

మీరు చూసిన రివాల్వర్ ధరను, అందులో వాడే తూటా ఒక్కదాని ధరతో భాగించండి. 800 వచ్చిందనుకుందాం. రేంజ్‌కు వెళ్లిన ప్రతిసారీ 100 కాలిస్తే, ఎనిమిదోసారికి తూటాల ఖర్చు తుపాకీ ధరను అందుకుంటుంది. నెలకు రెండుసార్లు వెళ్తే ఏడాదికి 2,400 తూటాలు, అంటే మూడు తుపాకీల డబ్బు. అలాంటప్పుడు తుపాకీ మీద పది శాతం తగ్గింపు కోసం తిరగడం కన్నా క్యాలిబర్ విషయంలో ఆలోచిస్తే మిగిలేది చాలా ఎక్కువ.

.44 మాగ్నమ్ 1955లో వచ్చింది. దాని తూటా ధర మామూలుగా 9 ఎం.ఎం. తూటా ధరకు రెట్టింపు పైనే ఉంటుంది. అదే రివాల్వర్‌లో .44 స్పెషల్ (అదే వ్యాసం, శక్తి తక్కువ ఉన్న తూటా) కూడా కాల్చుకోవచ్చు, ఖర్చు కలిసొస్తుంది అని చాలామంది చెప్తారు. అందులో సగమే నిజం. స్పెషల్ అందులో పేలుతుంది, చేతికి హాయిగానూ ఉంటుంది. కానీ దాన్ని తక్కువ మోతాదులో తయారు చేస్తారు కాబట్టి కొన్నిసార్లు మాగ్నమ్‌కు తీసిపోని ధర పలుకుతుంది. ఈ కిటుకు డబ్బు విషయంలో నిజంగా పనిచేసేది .357 మాగ్నమ్‌లోనే. అందులో .38 స్పెషల్ వాడొచ్చు, అది విరివిగా దొరుకుతుంది, ధరా తక్కువే. మాగ్నమ్ తూటా తొడుగు .38 స్పెషల్ తొడుగు కన్నా సుమారు 3 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగు. .38 తుపాకీలో పొరపాటున కూడా పట్టకూడదనే అలా చేశారు.

.357 బుల్లెట్ వ్యాసం 9 మిల్లీమీటర్ల చిల్లర. ఇదేం పెద్ద క్యాలిబర్ అంటారా? అనొచ్చు. అయితే ఏదో ఒకరోజు పోటీల్లో దిగాలన్న ఆశ ఉంటే ఇది కూడా చూసుకోండి: అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య 25 మీటర్ల సెంటర్ ఫైర్ (తూటా అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే రకం) పోటీలో 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల క్యాలిబర్లనే అనుమతిస్తారు. .44, .45 రెండూ అక్కడ పనికిరావు. ఆ పోటీల్లో చాలామంది మెత్తగా పేలే .32 వాడతారు.

.44తో ఇంకో చిక్కు ఆ తన్ను, అంటే పేలినప్పుడు తుపాకీ వెనక్కి తోయడం. గట్టిగా తన్నే తుపాకీతో ఎక్కువసేపు సాధన చేస్తే, పేలకముందే చేయి అదరడం అలవాటవుతుంది. అది వదిలించుకోవడానికి మళ్లీ .22 పట్టుకుని వేల తూటాలు కాల్చాలి. ఈ ఖర్చు ఎవరి బడ్జెట్‌లోనూ కనిపించదు.

పెద్ద బుల్లెట్టే కావాలంటే .45 ఏ.సీ.పీ. (పిస్టళ్ల కోసం చేసిన ఒక తూటా రకం) పిస్టల్ కూడా చూడండి. అమెరికా సైన్యం 1911లో తీసుకున్న నమూనాను ఇప్పుడు ఎన్నో కంపెనీలు చేస్తున్నాయి కాబట్టి తక్కువ ధర నుంచి చాలా ఎక్కువ ధర దాకా దొరుకుతుంది. తూటా .44 కన్నా చవక, తన్ను కూడా విసురుగా కాక నెట్టినట్టు ఉంటుంది. లోటల్లా ఒకటే, ఖాళీ తొడుగులను దూరంగా విసిరేస్తుంది. రివాల్వర్‌లో అవి సిలిండర్‌లోనే ఉండిపోతాయి. తూటాలను ఇంట్లో మళ్లీ నింపుకునేవాళ్లకు ఇది డబ్బుతో సమానం, ఎందుకంటే తూటాలో ఖరీదైన భాగాల్లో ఒకటైన ఇత్తడి తొడుగు మళ్లీ మళ్లీ పనికొస్తుంది. .44ను భరించగలిగేవాళ్లలో చాలామంది ఈ దారిలోనే భరిస్తున్నారు. మీరు ఇప్పుడే దిగొద్దు. నింపే యంత్రానికి ముందుగా పెట్టుబడి కావాలి, ఒకే తూటాలో తుపాకీ మందు రెండుసార్లు పడితే తుపాకీతో పాటు చేతులూ పోతాయి. ఏడాది కాల్చాక మీ అసలు వాడకం ఎంతో తెలుస్తుంది, అప్పుడు పెట్టుబడి తిరిగొచ్చే లెక్క వేసుకోవచ్చు. చట్టం ఒప్పుకుంటేనే, అది వేరే చెప్పక్కర్లేదు.

నా సలహా: ఆరంగుళాల బ్యారెల్, సర్దుబాటు చేసుకోగల సైట్లు (గురి చూసే అమరిక), మంచి బరువు ఉన్న .357 రివాల్వర్, పేరున్న కంపెనీది, సెకండ్ హ్యాండ్‌లో. బరువు తన్నును మింగుతుంది. తేలికపాటి మోడల్ చవకగా వస్తోందని తీసుకోకండి, అది జేబులో పెట్టుకోవడానికి చేసింది. కొనేముందు తుపాకీ మెకానిక్‌కు చూపించండి. సుత్తి ఎక్కుపెట్టినప్పుడు సిలిండర్ కదులుతోందా, సిలిండర్‌లో తూటాలు కూర్చునే గదులు బ్యారెల్‌కు సూటిగా వస్తున్నాయా, బ్యారెల్ వెనక అంచు అరిగిందా అన్నవి ఆయన చూడాలి. బాగున్నది కొంటే తర్వాత అమ్మినా పెద్దగా నష్టపోరు. .44 సరదా ఉంటే రేంజ్‌లో అద్దెకు తీసుకుని అప్పుడప్పుడు ఒక డబ్బా కాల్చి రండి.

చెవులకు ప్లగ్గులు, వాటిపైన మఫ్‌లు, కళ్లద్దాలు, తాళం పడే సేఫ్, లైసెన్సు ఫీజు, క్లబ్బు చందా ఇవన్నీ మొదటి బడ్జెట్‌లోనే ఉండాలి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు చాలామంది చెవుల దగ్గరే పొదుపు చేస్తారు. పోయిన వినికిడి తిరిగి రాదు.

డబ్బు ఎవరి చేతిలోనైనా పెట్టే ముందు, మీ దగ్గర పౌరులకు ఏ క్యాలిబర్లకు అనుమతి ఉందో, ఏడాదికి ఎన్ని తూటాలు కొననిస్తారో కనుక్కోండి. పరిమితి ఉంటే పైన వేసిన లెక్కంతా మారిపోతుంది. లైసెన్సు చేతికి వచ్చేలోపు నెలనెలా తూటాల డబ్బు వేరే ఖాతాలో వేస్తూ రండి, నిజంగానే కాలుస్తున్నట్టు. నాలుగైదు నెలల్లో ఒక్కసారి కూడా ఆ ఖాతాలో చేయి పెట్టకపోతే .357 కొనుక్కోండి. పెట్టాల్సి వస్తే, ఇంకొన్నాళ్లు క్లబ్బు .22తోనే సాధన చేయండి.