టేపు పట్టుకుని ఊళ్లోకి పోయే ముందు

బిడ్డా,

ఆరోగ్య సర్వేలో చేరావని మీ అమ్మ ఫోన్ చేసి మురిసిపోయింది. ఎత్తు కొలిచే బల్ల ఎట్లా నిలబెట్టాలో, టేపు ఎక్కడ చుట్టాలో ట్రైనింగ్‌లో చూపించే ఉంటారు. ఇరవై రెండేళ్లు పల్లెలు తిరిగిన దాన్ని, వాళ్లు చెప్పనివి రాస్తున్నా.

అంకెను చక్కబెట్టకు. పిల్లాడి ఎత్తు 87.3 సెంటీమీటర్లు వస్తే 87.3 అనే రాయి. కొత్తలో నేను ఎండకు తాళలేక 87 అనో, 87.5 అనో రాసేసేదాన్ని. ఒకరోజు మా సారు నా ఫారాలన్నీ ముందేసుకుని, "మీ ఊళ్ల పిల్లలంతా సున్నా దగ్గరో అయిదు దగ్గరో ఆగిపోతారా అమ్మా?" అన్నాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

తర్వాత ఆయనే హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్ల సంగతి చెప్పాడు. 1987-90లో వాటిలో 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ అదనపు ఆహారం ఇచ్చారు. మిగతా 14 ఊళ్లకు ఆ ఆహార పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలకు 13-18 ఏళ్లు వచ్చాక మళ్లీ పోయి కొలిచారు. తిండి అందిన ఊళ్లవాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. రక్తనాళాలు అంత బిరుసెక్కలేదు, ఇన్సులిన్ కూడా ఒంట్లో మెరుగ్గా పనిచేస్తోంది. బీపీలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, అదీ దాచకుండా రాశారు. 14 మిల్లీమీటర్లంటే నీ చిటికెన వేలి వెడల్పంత! జడకొప్పు విప్పించకుండా కొలిస్తే ఆ తేడా కొప్పులోనే పోతుంది.

ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లా నర్సులు 1911 నుంచి ఇంటింటికీ తిరిగి పుట్టినప్పటి బరువు, ఏడాది నిండాక బరువు చిట్టాల్లో రాసిపెట్టారు. ఎన్నో దశాబ్దాలకు డాక్టర్ డేవిడ్ బార్కర్ బృందం వాటిని తెరిచి చూస్తే, పసితనంలో తక్కువ బరువున్న మగవాళ్లే గుండెజబ్బుతో ఎక్కువగా పోయారని 1989లో తేలింది. తమ రాతలు ఇందుకు పనికొస్తాయని రాసిన నర్సమ్మలకు తెలియనే తెలియదు.

వయసు అడిగితే తల్లులు "రెండేళ్లుంటయేమో" అంటారు. బోనాలకు ముందా, దసరా తర్వాతా అని అడుగు, నెల దొరుకుతుంది. రెండేళ్లు నిండని వాణ్ని పడుకోబెట్టే కొలువు. నిలబెడితే సుమారు 0.7 సెంటీమీటరు తగ్గుతుంది. తిండి గురించి "రోజూ ఏం పెడతావు" అనకు, పాలూ గుడ్డూ అని గొప్పకు చెప్తారు. "నిన్న పొద్దున లేచాక ఏం తిన్నడు" అను. చారన్నమే అన్నా నీ ముఖం మారకూడదు. మారిందా, వచ్చేసారి ఆ ఇంటి తలుపు తెరుచుకోదు.

అన్నిటికంటే కష్టం ఆడపిల్లలు. పదేళ్లకు మళ్లీ పోతే మగపిల్లలు ఊళ్లోనే కనబడతారు, ఆడపిల్లలు అత్తవారింటికి పోయి ఉంటారు. వాళ్లను వదిలేస్తే సగం ఊరి కథే మిగులుతుంది. అందుకే పెళ్లయిన ప్రతి పిల్లదీ అత్తవారి ఊరు, మేనమామ ఫోన్ నంబరు రాసుకో. బతుకమ్మ రోజుల్లో పుట్టింటికి వస్తారు, నీ సెలవు ఆ వారంలో పెట్టుకోకు. మీ అమ్మ అలిగితే నేను చూసుకుంటా.

రక్తం తీసే రోజు పరగడుపున వస్తారు గనక బన్నులూ చాయ్ ముందే తెప్పించి పెట్టు. రిపోర్టు చేతికిచ్చి, అర్థమయ్యేట్టు చదివి చెప్పు.

ఇంకొకటి, ఏడ్చే పిల్లాడిని ఊరుకోబెట్టడానికి నీ పెన్ను మాత్రం ఇవ్వకు. నావి ఎన్ని పోయాయో లెక్కలేదు.

మీ పెద్దమ్మ